ఇంటి దిక్కులు – ఊరి వాలు

(ఖమ్మము – భద్రాచలము అటవీ సరిహద్దు గ్రామముల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అని మన పెద్దలు చెప్పిరి. ఈ రెండింటిలో మొదటిది నేడు మీ గ్రామసభలన్నింటను ముఖ్య విషయమై యున్నది. 2024వ సంవత్సరము మార్చి 11వ తేదీన భద్రాచలమునందే ఇందిరమ్మ ఇండ్ల పథకము ప్రారంభింపబడినది. స్వంత స్థలము గల పేద కుటుంబము 400 చదరపు అడుగులకు తక్కువ గాని ఇల్లు కట్టుకొనుటకు 5 లక్షల రూపాయల సహాయము దశలవారీగా నిచ్చుట ఈ పథకపు ఏర్పాటు. పునాది, గోడలు, పైకప్పు – ఇట్లు పని సాగిన కొలదియు డబ్బు అందును. కావున ఒకసారి వేసిన పునాదిని మార్చుట పేదవానికి తీరని నష్టము.

ఇంటి మాట రాగానే దిక్కుల మాట వచ్చును. సింహద్వారము ఎటుండవలెను? పొయ్యి ఏ మూలను పెట్టవలెను? దక్షిణపు వాకిలి కీడు చేయునా? ఈ ప్రశ్నలు గృహస్థుని వద్దనే ఆగవు. మీ వద్దకును వచ్చును. ఒకడు మెరకనున్న స్థలమును దక్షిణ ముఖమని వదలి, వాగు ఒడ్డున తూర్పు ముఖము గల స్థలమును కోరును. మరియొకడు కట్టిన గోడను కూల్చి వాకిలి మార్చుటకు అప్పు చేయును. ఇంకొకడు తన స్థలమున ఈశాన్యము పల్లము కావలెనని మట్టి పోసి, వాననీటిని ప్రక్కవాని గోడ మీదికి మళ్లించును. అట్టి సమయమున పంచాయతీ సభ్యుడు చెప్పవలసిన మాట ఏది? ఆ విషయమునే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

మొదట శాస్త్రము చెప్పినదేమో తెలిసికొందము. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుని బృహత్సంహితయందు వాస్తువిద్యకు ఒక అధ్యాయము కలదు. మయమతము, మానసారము అను గ్రంథములు ఈ విద్యకే మీసలైనవి. వీని ననుసరించి దిక్కులు ఎనిమిది. తూర్పునకు ఇంద్రుడు, ఆగ్నేయమునకు అగ్ని, దక్షిణమునకు యముడు, నైరుతికి నిరృతి, పడమటికి వరుణుడు, వాయవ్యమునకు వాయువు, ఉత్తరమునకు కుబేరుడు, ఈశాన్యమునకు ఈశానుడు అధిపతులు. బృహత్సంహిత దేవతాగృహమును ఈశాన్యమునను, వంటయింటిని ఆగ్నేయమునను, పనిముట్లను నైరుతియందును, ధనధాన్యములను వాయవ్యమునను ఉంచుమన్నది. నైరుతి ఎత్తుగా, బరువుగా నుండవలెననియు, ఈశాన్యము పల్లముగా, ఖాళీగా నుండవలెననియు మన మేస్త్రీలు చెప్పుదురు. ఈ మధ్య కాలమున దీనికే 'దిక్కుల సమతౌల్యము', 'శక్తి ప్రవాహము' అను క్రొత్త మాటలు కూడ వినవచ్చుచున్నవి.

కంటికి కానరాని శక్తిని గూర్చి మేము వాదింపబోము. అది గృహస్థుని విశ్వాసము; దానిని పరిహసించుట తగదు. కాని ప్రతి ఇంటిలోను కంటికి కనబడు ప్రవాహములు నాలుగు కలవు: వెలుతురు, గాలి, నీరు, పొగ. ఇవి సరియైన త్రోవను వచ్చి, సరియైన త్రోవను పోవుచున్న ఇల్లు ఆరోగ్యమైన ఇల్లు. పూర్వులు చెప్పిన దిక్కుల నియమములలో అనేకము ఈ నాలుగింటికిని సంబంధించినవే. ఆ నియమమునకు మూలమైన కారణము మన ఊరిలో ఉన్నదా లేదా అని చూచుటయే వివేకము.

వెలుతురును తీసికొందము. భద్రాచలము 17 డిగ్రీల 40 నిమిషముల ఉత్తర అక్షాంశమునకు సమీపమున నున్నది. ఇచట సూర్యుడు ప్రతిదినము సరిగా తూర్పున ఉదయింపడు. జూన్ మూడవ వారమున తూర్పునకు ఇంచుమించు 25 డిగ్రీలు ఉత్తరముగను, డిసెంబరు మూడవ వారమున అంతియే దక్షిణముగను ఉదయించును. సంవత్సరమున రెండు దినములు మాత్రమే సరియగు తూర్పున కనబడును. కావున వాకిలి నాలుగైదు డిగ్రీలు ప్రక్కకు ఒరిగినదని ఎవరును కలతపడ నక్కరలేదు.

ఉదయపు ఎండ మెత్తనిది. తూర్పును, ఈశాన్యమును తెరచి యుంచుమనుటలో మేలు ఉన్నది: ఇల్లు వెలుగును, తడి ఆరును, మధ్యాహ్నపు తాపము లోపలికి రాదు. పడమటి ఎండ అట్టిది కాదు. మన ప్రాంతమున వేసవిని వేడిమి 45 డిగ్రీలు దాటుట కలదు. సాయంకాలపు సూర్యుడు క్రిందికి వాలి యుండుటచే చూరు ఆ ఎండను ఆపలేదు. గోడ వేడెక్కి రాత్రి వరకును సెగలు క్రక్కును. అందుచేతనే నైరుతి, పడమటి ప్రక్కలను దళసరి గోడలతో, తక్కువ కిటికీలతో మూసిరి. వానకాలపు గాలివాన కూడ ఆ వైపుననే ఎక్కువగా కొట్టును. మట్టిగోడకు అచట చూరు వెడల్పుగా నుండవలెను. పడమటి దడి వెంట వేప, కానుగ నాటినచో మరింత మేలు.

ఇక దక్షిణము. యముని దిక్కని దీనికి అందరును జంకుదురు. కాని ఎండ లెక్కను చూడుడు. డిసెంబరున మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణ దిశను 49 డిగ్రీల ఎత్తున నుండును. అపుడు దక్షిణపు అరుగు మీద వెచ్చని ఎండ పడును. చలికి ముసలివారికిని, పిల్లలకును అదియే హాయి. మే నెల రెండవ వారమునుండి ఆగస్టు మొదటి దినముల వరకు మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కొంచెము ఉత్తరముగా పోవును. అపుడు మూడడుగుల చూరున్నచో దక్షిణపు గోడకు మధ్యాహ్నమున ఎండయే తగులదు. చలికి ఎండ, ఎండకు నీడ! కావున మెరకమీద దక్షిణ ముఖముగ దొరకిన స్థలమును ఎండ కారణముగ వదలవలసిన పని లేదు. వీథి దక్షిణముననున్నను, కావలెనన్నవారు అదే స్థలమున తూర్పు గోడకు వాకిలి పెట్టుకొని, ప్రక్కసందు విడిచి నడువవచ్చును.

గాలియు పొగయు తరువాతి మాట. జూన్ మొదలు సెప్టెంబరు వరకు మనకు నైరుతి ఋతుపవనములు వీచును. గాలి పడమటినుండియు, నైరుతినుండియు వచ్చును. అపుడు పొయ్యి ఆగ్నేయపు మూలనున్నచో పొగ ఇంటిలోనికి తిరుగక బయటికి పోవును. ఉదయపు ఎండ తగిలి వంటయిల్లు పొడిగా నుండును. నియమమునకు ఇది మంచి కారణమే. కాని గదికి పొగగూడు లేక, ఎదురెదురు కిటికీలు లేక, మూల ఒకటి సరియైనంత మాత్రమున పొగ పోదు. పొగలో దినమునకు మూడు నాలుగు గంటలు కూర్చుండు ఇల్లాలి కన్నులను, ఊపిరితిత్తులను ఆగ్నేయము ఒక్కటియే కాపాడలేదు. కట్టెల పొయ్యి యున్న ఇంటికి పైకప్పు దగ్గర పొగ పోవు సందు, గాలి వచ్చుటకు క్రింద ఒక కిటికీ తప్పక యుండవలెను. పూర్వపు పెద్ద ఇండ్లలో మండువా లోగిలి ఈ పనినే చేసెడిది. నడుమ ఆకాశము తెరచి యుండుటచే వేడిగాలి పైకి లేచిపోయెడిది. 400 అడుగుల ఇంటికి మండువా సాధ్యము కాదు. ఎదురెదురు కిటికీలు దానికి బదులు.

అడవి అంచున నిప్పు భయము కూడ కలదు. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపూవు ఏరుటకు చెట్ల క్రింద ఆకు కాల్తురు. గాలి ఒడిసినచో ఆ నిప్పు పూరింటి చూరు నంటును. అప్పటి గాలి ఏ దిక్కునుండి వచ్చునో ప్రతి ఊరివారును స్వయముగా చూడవలెను. ఒక ఎత్తైన వెదురునకు గుడ్డపీలిక కట్టి నెలనెలకు గుర్తు వ్రాసికొన్నచో సంవత్సరము తిరుగునప్పటికి మీ ఊరి గాలి శాస్త్రము మీకే తెలియును.

ఇక నీరు. ఈ ప్రసంగమున ముఖ్యమైన మాట ఇదియే. ఈశాన్యము పల్లముగా నుండవలెనను నియమమును గోదావరి ఇరుగట్లను నిలిచి పరిశీలింపుడు. నది ఇచట వాయవ్యమునుండి ఆగ్నేయమునకు ప్రవహించుచున్నది. కుడిగట్టున మణుగూరు, అశ్వాపురము, పాల్వంచ, బూర్గంపాడు ప్రాంతములు కలవు. అచట నేల మొత్తముమీద తూర్పునకును, ఈశాన్యమునకును వాలి గోదావరిని చేరును. కిన్నెరసాని ఆ వైపునుండి వచ్చి నదిలో కలియుచున్నది. అట్టి ఊరిలో ఈశాన్యము పల్లముగా నుంచుట నేల వాలుతో పొసగును. ఇంటి నీరు సహజముగా పోవును.

ఎడమగట్టున చర్ల, దుమ్ముగూడెము, భద్రాచలము కలవు. అచట కొండలును, అడవియు ఉత్తరమునను, ఈశాన్యమునను ఉన్నవి. తాలిపేరు ఆ కొండలలోనుండియే దిగి వచ్చును. నేల మొత్తముమీద నైరుతి దిశగా నదికి వాలి యుండును. అనగా ప్రకృతి ఈశాన్యమును ఎత్తు చేసి నైరుతిని పల్లము చేసినది. ఇచట మట్టి పోసి ఈశాన్యమును పల్లము చేసినవాడు కొండనీటికి తన ఇంటిని తొట్టిగా చేసికొన్నవాడగును. పైనుండి వచ్చిన వాననీరు ఆ మూలలో నిలిచి, పునాదిని నానబెట్టును. నీరు వారము పది దినములు నిలిచినచో దోమ పుట్టును. మన్యపు చలిజ్వరము ఎట్టిదో మీకు మేము చెప్పనక్కరలేదు. అట్టి స్థలమున చేయవలసినది ఒక్కటే: పునాది అరుగును ఎత్తు చేయుట, ఎగువ ప్రక్కను అడ్డముగా ఒక కాలువ త్రవ్వి కొండనీటిని ఇంటికి దూరముగా మళ్లించుట, దిగువ ప్రక్కను నీరు పోవుటకు త్రోవ విడుచుట. నియమము ఒక్కటే; గట్టు మారగానే దాని ఫలితము మారినది.

ఈ ప్రాంతపు సరిహద్దులు పెక్కుమారులు మారినవి. తూర్పుగోదావరి జిల్లాలోని భద్రాచలము, నూగూరు తాలూకాలు 1959లో ఖమ్మము జిల్లాలో చేరినవి. 2014లో పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. కాగితము మీద గీతలు మారినను నేల వాలు మారలేదు. నీరు పాత త్రోవనే నడచుచున్నది.

వరదను గూర్చి ఒక హెచ్చరిక. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని ఇత్తురు. 1986 ఆగస్టులో నీటిమట్టము 75.6 అడుగులకు చేరెను. 36 సంవత్సరముల తరువాత, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చెను. నడుమ పుట్టి పెరిగిన వారిలో పలువురు 1986 నాటి నీటిజాడను వినుటయే గాని కన్నవారు కారు. నది పొంగినపుడు కిన్నెరసాని, తాలిపేరు, శబరి నీరు కూడ పోవు దారి లేక వెనుకకు ఎగదన్నును. నదికి మైళ్ల దూరముననున్న వాగు ఒడ్డు కూడ అపుడు మునుగును. ఆ ఒడ్డున తూర్పు ముఖము, ఈశాన్యపు బావి, ఆగ్నేయపు పొయ్యి – అన్నియు కుదిరిన ఇల్లైనను నీరు దిక్కు చూడదు, ఎత్తు చూచును. స్థలమునకు మొదట చూడవలసినది ఎత్తు, తరువాతనే దిక్కు.

ఇప్పుడు ఇరుగుపొరుగు మాట. శాస్త్రగ్రంథములు పుట్టిననాడు పెరటిలో మరుగుదొడ్డి గుంట లేదు. నేడు ప్రతి ఇంటను ఉన్నది, ఉండవలెను కూడ. ఈశాన్యమున బావి, దానికి దూరముగా నైరుతి మూలను గుంట అని గృహస్థుడు ఏర్పాటు చేసికొనును. తన స్థలము వరకు చూచినచో ఇది బాగుగనే యున్నది. కాని మన ఈశాన్యము మన పొరుగువానికి నైరుతి. నాలుగు స్థలములు ఒక మూలను కలియునట్టి వరుసను ఊహింపుడు. నేను నా ఈశాన్యపు మూలకు మూడేసి అడుగులు విడిచి బావి త్రవ్వితిని. ఆ మూలకు ఆవలివాడు తన నైరుతి మూలకు మూడేసి అడుగులు విడిచి గుంట త్రవ్వెను. నా బావికిని వాని గుంటకును నడుమ తొమ్మిది అడుగులు కూడ లేదు! ఇద్దరును శాస్త్రము తప్పలేదు. అయినను నా బిడ్డలు కలుషితమైన నీరు త్రాగుచున్నారు. బావికిని గుంటకును కనీసము 10 మీటర్లు, అనగా 33 అడుగుల దూరముండవలెను. బీటలున్న రాతినేలలో ఇంకను ఎక్కువ కావలెను. నేల వాలున ఎగువ గుంట, దిగువ బావి ఉండకూడదు. కుడిగట్టు గ్రామములలో నైరుతియే ఎగువ యగుటచే ఈ జాగ్రత్త మరింత అవసరము.

ఒక్కొక్క ఇంటికి దిక్కు చూచుటచే తీరని చిక్కు ఇది. దీనిని తీర్చగలవారు మీరే. విచిత్రమేమనగా, పూర్వ గ్రంథములు కూడ ఇల్లు ఒకటే చూడుమని చెప్పలేదు. మానసారము గ్రామములను ఎనిమిది విధములుగా విభజించి, వీథులు, నీరు, నివాసములు ఎట్లుండవలెనో వివరించినది. అందు విల్లువలె వంగిన 'కార్ముకము' అను గ్రామము నదీతీరమునకు తగినదని చెప్పుదురు. అనగా పూర్వులు మొదట ఊరిని అమర్చిరి, పిదప ఇంటిని అమర్చిరి. మనము ఊరిని మరచి ఇంటి మూలలను మాత్రము పట్టుకొన్నాము.

మన అడవి గ్రామములలో పరిశీలింపదగిన పాఠము మరియొకటి కలదు. కోయ సోదరుల ఊళ్లు చిన్న చిన్న గుంపులుగా నుండుట మీ రెరుగుదురు. ఇంటికిని ఇంటికిని నడుమ దడి, దొడ్డి, చెట్టు, చేను ఉండును. వెదురు తడికకు మట్టి మెత్తిన గోడ, క్రిందికి దిగిన చూరు, చూరు క్రింద అరుగు. ఈ ఎడము వలన ఒక ఇంటి నిప్పు మరియొక ఇంటికి త్వరగా ప్రాకదు. ఒకరి మురుగు మరియొకరి నీటిలో కలియదు. క్రొత్త కాలనీలలో స్థలములు చిన్నవై, ఇండ్లు ఆనుకొని వచ్చుచున్నవి. దూరము చేసిన మేలును ఇపుడు ప్రణాళిక చేయవలెను.

నేల పరీక్షకు బృహత్సంహిత చెప్పిన పద్ధతులు రెండు నేటికిని పనికివచ్చును. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గల గుంట త్రవ్వి, తీసిన మట్టిని మరల అందులోనే నింపవలెను. మట్టి మిగిలినచో ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలకపోయినచో అధమము. గట్టి నేల మట్టి త్రవ్వగానే ఉబ్బి మిగులును. బోలు నేల మట్టి కూరుకొనిపోవును. రెండవ పరీక్ష: గుంటను నీటితో నింపి, నూరడుగులు నడచి వెనుకకు వచ్చి చూడవలెను. నీరు తగ్గకున్నచో నేల గట్టిదని ఆ గ్రంథము మెచ్చుకొన్నది. మరుగుదొడ్డి గుంటకు మాత్రము నీరు కొంత ఇంకు నేలయే కావలెను. ఒకే పరీక్ష పునాదికొక మాటను, గుంటకు మరియొక మాటను చెప్పుచున్నది. ఈ రెండును పార, కడవ ఉన్నచో ఎవరైనను చేయవచ్చును. నల్లరేగడి నేల మాత్రము వేసవిని బీటలువారి, వానకు ఉబ్బును. దానిపై కట్టునపుడు ఇంజనీరు సలహా తప్పక తీసికొనవలెను.

దిక్కును సరిగా తెలిసికొనుటకును పాత పద్ధతి కలదు. చదునైన నేలపై ఒక వృత్తము గీసి, నడుమ ఒక నిటారు కర్రను నాటవలెను. ఉదయము నీడకొన వృత్తమును తాకిన చోటును, సాయంకాలము మరల తాకిన చోటును గుర్తించి, రెండింటిని కలిపినచో అది తూర్పు పడమరల గీత. చేతిలోని ఫోనులో దిక్సూచి ఇనుప చువ్వల దగ్గర తప్పుచూపును, నీడ తప్పదు.

ఇక పంచాయతీలు చేయవలసిన పనులు కొన్ని మనవి చేసెదము. మొదటిది: మొదటి పెద్దవాన కురిసిననాడు సభ్యులు గొడుగులు పట్టుకొని ఊరంతయు తిరిగి, నీరు ఎటునుండి వచ్చి ఎటు పోవుచున్నదో పటము గీయవలెను. రెండవది: 1986, 2022 సంవత్సరముల వరదలు ఎంతవరకు వచ్చినవో పెద్దల నడిగి, బడిగోడ మీదనో, రాతిస్తంభము మీదనో గీత గీయింపవలెను, ఆ గీతకు దిగువ క్రొత్త ఇంటిస్థలమునకు సిఫారసు చేయకూడదు. మూడవది: బావులు, బోరులు, మరుగుదొడ్డి గుంటలు ఆ పటముననే గుర్తించి, క్రొత్తవాని దూరములు కొలిచిన పిదపనే పని మొదలు పెట్టింపవలెను. నాలుగవది: వీథి కాలువలు నేల వాలున పోవునట్లు చూచి, ఎవరును వానిపై మట్టి పోయకుండ గ్రామసభలో తీర్మానము చేయవలెను. ఐదవది: మార్చి రాకముందే అడవి వైపున ఎండుటాకు ఊడ్పించి, వెడల్పైన బాట తీయింపవలెను.

ఇవన్నియు చేసిన తరువాత, గృహస్థుడు తన వాకిలి తూర్పున పెట్టుకొనుమనుడు, ఉత్తరమున పెట్టుకొనుమనుడు; దేవుని గూడు ఈశాన్యమున, పొయ్యి ఆగ్నేయమున ఉంచుకొనుమనుడు. పునాది త్రవ్వకముందే ఆ సంగతి తేల్చుకొనుమనుడు. అపుడు దానికి ఖర్చు లేదు. గోడలు లేచిన పిదప ఎవరైన వచ్చి కూల్చుమన్నచో, ఆ అప్పు తీర్చువాడెవడని అడుగుమనుడు. ఒకరి నమ్మకము మరియొకరి గోడను తడుపకుండ, ఊరి బావిని చెరుపకుండ చూచుట పంచాయతీ బాధ్యత.

వచ్చు వానకాలమునకు ముందే మీ మీ గ్రామముల పటములు సిద్ధము కావలెనని కోరుచున్నాము.